సైటేషన్లు, హెచ్-ఇండెక్స్: క్యాన్సర్ పరిశోధకుల అంకెలు దేన్ని కొలుస్తాయి, దేన్ని వదిలేస్తాయి

ఏటా సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి గుంటూరు, విజయవాడ జిల్లా పేజీల్లో ఒకే తరహా వార్తలు వరస కడతాయి. ఫలానా ప్రొఫెసర్‌కి ప్రపంచంలోని 2 శాతం అగ్రశ్రేణి శాస్త్రవేత్తల్లో చోటు, ఫలానా డాక్టర్‌కి స్టాన్‌ఫర్డ్ గుర్తింపు. ఫొటో, శాలువా, యాజమాన్యం అభినందనలు. ఇంకోపక్క, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే మనవాళ్లు ముందుగా చేసే పనుల్లో ఒకటి ఫోన్ తీసి డాక్టర్ పేరు వెతకడం. పరిశోధన పేపర్లను, వాటి లెక్కలను చూపించే గూగుల్ స్కాలర్ పేజీ తెరుచుకుంటుంది. ఉదాహరణకి సైటేషన్లు 6,200, హెచ్-ఇండెక్స్ 38 అని ఉందనుకుందాం. ఇది ఎక్కువా, తక్కువా? ఎక్కువైతే దేంట్లో ఎక్కువ? వైద్యంలోనా, పరిశోధనలోనా, పేరులోనా?

ఆ అంకెలు అబద్ధం కాదు. అవి జవాబు చెప్పే ప్రశ్న ఒకటి, మనం అడిగే ప్రశ్న ఇంకొకటి. చిక్కంతా అక్కడే.

సైటేషన్ అంటే ఒక ప్రస్తావన, అంతే

పరిశోధకులు తమ పని ఫలితాన్ని జర్నల్‌లో పేపర్‌గా ప్రచురిస్తారు. ఆ పేపర్ చివర, తాము ఆధారపడ్డ పాత పేపర్ల జాబితా ఇస్తారు. ఆ జాబితాలో మీ పేపర్ ఒకసారి కనిపిస్తే మీ ఖాతాలో ఒక సైటేషన్ పడినట్టు. మెచ్చుకుంటూ ప్రస్తావించినా ఒకటే, తప్పని నిరూపిస్తూ ప్రస్తావించినా ఒకటే, ఏదో ఒకటి పెట్టాలి కదా అని పెట్టినా ఒకటే.

ఈ లెక్కలకు బాట వేసినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్. 1955లో ఆలోచన ప్రచురించాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టాడు. అప్పటి ఉద్దేశం మనుషులకు మార్కులు వేయడం కాదు. ఒక పేపర్ చదివిన వ్యక్తి, దాన్ని వాడుకున్న తర్వాతి పేపర్లు ఏమిటో వెతుక్కునే దారి చూపించడం. వెతకడానికి పుట్టిన పట్టిక క్రమంగా ఉద్యోగాలకు, ప్రమోషన్లకు, ర్యాంకులకు కొలబద్ద అయి కూర్చుంది.

లెక్క ఎవరు వేశారన్నది కూడా ముఖ్యమే. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్‌లు ప్రధానంగా తాము ఎంపిక చేసుకున్న జర్నళ్లనే చూస్తాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, పుస్తకాలు, ఇంకా జర్నల్‌కి ఎక్కని రాతప్రతులు కూడా కలుపుకుంటుంది. అందుకే ఒకే మనిషికి స్కాలర్‌లో కనిపించే అంకె మిగతా రెండిటికంటే సాధారణంగా పెద్దదిగా ఉంటుంది. ఒక డాక్టర్ గారి స్కాలర్ లెక్కని ఇంకొకరి స్కోపస్ లెక్కతో పోల్చి చూస్తే ఆ పోలికకి అర్థం ఉండదు.

హెచ్-ఇండెక్స్ లెక్క: ముగ్గురు ఊహాజనిత పరిశోధకులు

మొత్తం సైటేషన్లతో ఒక ఇబ్బంది ఉంది. ఒక్క పేపర్ అదృష్టం కొద్దీ పేలితే మొత్తం అంకె ఉబ్బిపోతుంది. దీన్ని సరిదిద్దడానికి హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్ద నుంచి చిన్నకి పేర్చాలి. కనీసం 5 సైటేషన్లు వచ్చిన పేపర్లు 5 ఉండి, కనీసం 6 వచ్చినవి 6 లేకపోతే హెచ్-ఇండెక్స్ 5.

మొదటి పరిశోధకురాలికి 8 పేపర్లు ఉన్నాయనుకుందాం. వాటి సైటేషన్లు వరసగా 40, 22, 15, 9, 6, 5, 3, 0. మొత్తం 100. అయిదో పేపర్‌కి 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరో పేపర్‌కి 6 కావాలి, 5 మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆమె హెచ్-ఇండెక్స్ 5.

రెండో ఆయనకి మూడే పేపర్లు: 3,000, 2, 1. మొత్తం 3,003 సైటేషన్లు. హెచ్-ఇండెక్స్ 2. మూడో ఆయన 20 పేపర్లు రాశాడు, ఒక్కోదానికీ సరిగ్గా 10 వచ్చాయి. మొత్తం 200, హెచ్-ఇండెక్స్ 10.

ఇప్పుడు ఎవరు గొప్ప? మొత్తం చూస్తే రెండో ఆయన, హెచ్-ఇండెక్స్ చూస్తే మూడో ఆయన. 3,000 సార్లు ప్రస్తావనకి వచ్చిన ఆ ఒక్క పేపర్ ఒక మందునే కనిపెట్టి ఉండొచ్చు. హెచ్-ఇండెక్స్‌కి ఆ సంగతి పట్టదు. నిలకడగా, ఓ మోస్తరుగా, ఎక్కువ రాసేవారి వైపు అది మొగ్గుతుంది. పైగా అది ఎప్పటికీ తగ్గదు. మనిషి రిటైరయ్యాక కూడా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి 30 ఏళ్ల సర్వీసున్న ప్రొఫెసర్‌నీ నిన్నమొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌నీ దాంతో పోల్చడం అన్యాయం. 20 ఏళ్ల పని తర్వాత 20 ఉంటే విజయవంతుడు, 40 ఉంటే అసాధారణుడు అని హిర్ష్ ఒక అంచనా చెప్పాడు. అది భౌతికశాస్త్రం వాళ్లకి. మన దగ్గర ఆ అంకెల్నే తెచ్చి వైద్యులకీ కొలుస్తుంటారు.

ఇంకో ముచ్చట. 2024లో ఇద్దరు పరిశోధకులు, ఈ లెక్కలు ఎంత తేలిగ్గా మోసపోతాయో చూపించడానికి లారీ అనే పిల్లి పేరు మీద 12 అర్థంలేని పేపర్లు తయారుచేసి, వాటిని ప్రస్తావించే (సైట్ చేసే) మరికొన్ని దొంగ పేపర్లు ఇంటర్నెట్‌లో పెట్టారు. గూగుల్ స్కాలర్‌లో లారీకి 132 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 11 వచ్చేశాయి. ఆ హెచ్-ఇండెక్స్ పైన మనం ఊహించుకున్న ముగ్గురికంటే ఎక్కువ.

క్యాన్సర్ రంగంలో అంకెలు ఎందుకు పెద్దవి

గణితంలో మంచి పేపర్‌కి పదేళ్లలో 50 సైటేషన్లు రావడం గౌరవమే. క్యాన్సర్ జీవశాస్త్రంలో అదే 50 పెద్ద విశేషం కాదు. రాసేవాళ్లు ఎక్కువ, పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ చివర జాబితా కూడా పొడుగు. అందుకే రంగాన్నిబట్టి సర్దిన లెక్కలు వచ్చాయి. అదే రంగంలో, అదే ఏడాది, అదే తరహా పేపర్లకు ప్రపంచ సగటు ఎంతో చూసి దాన్ని 1గా తీసుకుంటారు. మీ పేపర్‌కి 1.5 వచ్చిందంటే సగటుకంటే 50 శాతం ఎక్కువ ప్రస్తావనలు పొందిందన్నమాట. ఒట్టి సైటేషన్ల సంఖ్యకంటే ఇది చాలా నిజాయితీ గల అంకె. అయినా అభినందన ప్రకటనల్లో ఇది దాదాపు కనిపించదు. 6,200 పక్కన 1.5 చిన్నదిగా కనిపిస్తుంది మరి.

క్యాన్సర్‌లోనే ఏ తరహా పేపర్ అన్నదీ చూడాలి. ఈ రంగంలో చాలా పేపర్లు "ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్ మరణాలు ఇన్ని లక్షలు" అన్న వాక్యంతోనే మొదలవుతాయి. ఆ వాక్యానికి ఒక ఆధారం చూపాలి. ఎక్కువమంది చూపేది ఒకటే: 185 దేశాల్లో 36 రకాల క్యాన్సర్ల అంచనాలిచ్చే గ్లోబోకాన్ పేపర్. ఆ అంచనాలను, అమెరికా వార్షిక క్యాన్సర్ గణాంకాలను ప్రచురించే జర్నల్ అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వారి 'సీఏ'. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లకి వచ్చే సగటు సైటేషన్లు) 2020లో 508 దాటింది. వైద్యంలో మహామహా జర్నళ్లు కూడా దాని దరిదాపుల్లో లేవు. అందులో రాసే ప్రతివాళ్లూ మిగతావాళ్లకంటే అన్ని రెట్లు గొప్పవాళ్లనుకుంటే పొరపాటు. దాదాపు అందరి మొదటి వాక్యానికీ ఆధారం అక్కడుంది, అంతే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నది మనిషిది కాదు, జర్నల్‌ది. లెక్క ఇలా ఉంటుంది. ఒక జర్నల్ 2023, 2024లలో కలిపి 100 పేపర్లు వేసింది. 2025లో వాటికి 300 సైటేషన్లు వచ్చాయి. 300ని 100తో భాగిస్తే 3. ఇప్పుడు ఆ 300లో 180 కేవలం రెండు సమీక్షా వ్యాసాలకే వచ్చాయనుకుందాం. మిగతా 98 పేపర్లకి మిగిలింది 120, అంటే తలా 1.2. ఆ 98లో ఒకటి రాసిన వ్యక్తి కూడా "ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 3 ఉన్న జర్నల్‌లో నా పేపర్" అనే బయోడేటాలో రాసుకుంటారు. విజయవాడ ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు: కాలేజీకి వచ్చిన ర్యాంకులు ఆ కాలేజీలో చదివిన ప్రతి పిల్లవాడివీ కావు.

పేపర్ మీద పేరు లేని పని: యల్లాప్రగడ సుబ్బారావు

ఈ చర్చలో మన తెలుగువాళ్లకి అందరికంటే దగ్గరి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌కి వెళ్లినాయన. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పేపర్ దశాబ్దాల తరబడి వేల సైటేషన్లు మూటగట్టుకుంది. కొలిచే పద్ధతులు చెప్పే పేపర్లకి ఈ భోగం ఎప్పుడూ ఉంటుంది. ప్రొటీన్లు కొలిచే పద్ధతి చెప్పిన లౌరీ బృందం 1951 పేపర్‌కి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. ప్రయోగశాలలో ఆ పద్ధతి వాడిన ప్రతివాళ్లూ దాన్ని ప్రస్తావించాల్సిందే కదా.

తర్వాత సుబ్బారావు అమెరికాలోనే లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగాన్ని నడిపారు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు అక్కడ తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ పేపర్ క్యాన్సర్ కీమోథెరపీ చరిత్రలో ఒక మలుపు. దాని రచయితలు అయిదుగురు. సుబ్బారావు అందులో లేరు. ఆ ఆగస్టులోనే ఆయన చనిపోయారు.

ఆ మందుకి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఈరోజుకీ పిల్లల రక్తక్యాన్సర్‌కి, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి వాడుతున్నారు. గుంటూరులో మందుల షాపులో కూడా దొరుకుతుంది. కానీ దాన్ని వాడిన ఫలితాల మీద ఇవాళ పేపర్ రాసేవాళ్లలో 1948 పేపర్‌ని ప్రస్తావించేవాళ్లు ఎందరు? ఒక ఆవిష్కరణ అందరికీ తెలిసిన సంగతిగా మారిపోయాక దాని మూలాన్ని ఎవరూ సైట్ చేయరు. అంటే, బాగా గెలిచిన పని ఒక దశ దాటాక లెక్కలోంచి మాయమవుతుంది. సుబ్బారావు సైటేషన్ల పట్టిక ఒక్కటే చూసి ఆయన ఎవరో చెప్పమంటే, ఫాస్ఫరస్ కొలిచిన రసాయనవేత్త అని చెబుతాం. తప్పు కాదు. చాలా తక్కువ.

ఇదే సంగతి చిన్న స్థాయిలో రోజూ జరుగుతుంది. పైన చెప్పిన గ్లోబోకాన్ అంచనాలకు పునాది ఆయా దేశాల్లో క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీలు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఈ కార్యక్రమాన్ని 1981లో మొదలుపెట్టింది. ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగి, కేస్ షీట్లు వెతికి, మరణాల రికార్డులు సరిపోల్చే సిబ్బంది పేరు ఆ మహా పేపర్ రచయితల వరసలో ఉండదు. గుంటూరు జీజీహెచ్ నాట్కో క్యాన్సర్ సెంటర్ లాంటి చోట ఓపీ ముగించుకుని బయటపడేసరికి సాయంత్రమయ్యే డాక్టర్‌కి స్కాలర్ పేజీయే ఉండకపోవచ్చు.

మన ఊరి జబ్బు మీద చేసిన పరిశోధన సంగతి

ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్టని నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలి మీద వచ్చే మార్పులను 10,169 మంది గ్రామస్తుల్లో పరిశీలించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక పేపర్ వచ్చింది. ఆ అలవాటుకి, అంగిలి క్యాన్సర్‌కి సంబంధం తెలుసుకోవాలనుకునే వాళ్లకి అది మూలస్తంభం. కానీ ఆ అలవాటు ప్రపంచంలో ఎన్ని చోట్ల ఉంది? రొమ్ము క్యాన్సర్ జన్యువు మీద రాసిన పేపర్‌కి ప్రపంచమంతా పాఠకులే. అడ్డపొగ మీద రాసినదానికి గుప్పెడు మంది. సైటేషన్లు కొలిచేది ఎంతమంది పరిశోధకులకి ఆ విషయంతో పని పడిందన్నది. ఎంతమంది రోగులకి పనికొచ్చిందన్నది వేరే లెక్క.

పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో నోటి క్యాన్సర్ మీద పరిశోధన చేస్తానని ఒక పీజీ విద్యార్థిని ముందుకొస్తే, "అది లోకల్ టాపిక్ అమ్మా, ఇంటర్నేషనల్ జర్నల్ తీసుకోదు" అని గైడ్ అనే అవకాశం ఎక్కువ. ఆయన్ని తప్పుపట్టలేం. కొలబద్ద ఆయన పెట్టింది కాదు.

అంకె మీద ఒత్తిడి, దాని చుట్టూ వ్యాపారం

వైద్య కళాశాలల్లో అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ పదోన్నతులకి పేపర్లు తప్పనిసరి. జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనల్లో, గుర్తింపు పొందిన డేటాబేస్‌లలో ఉన్న జర్నల్‌లోనే రావాలనీ, అభ్యర్థి మొదటి ముగ్గురు రచయితల్లో ఒకరో, కరస్పాండింగ్ ఆథరో (పేపర్ తరఫున జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) అయి ఉండాలనీ ఉండేది. ఉద్దేశం మంచిదే. పన్నెండో పేరుగా దూరిపోవడాన్ని ఆపడానికి పెట్టిన నియమం అది. వైద్య పేపర్లలో మొదటి పేరు ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు సాధారణంగా బృందాన్ని నడిపించిన పెద్దవారిది. మధ్యలో ఉన్నవాళ్ల వాటా ఎంతో బయటివాళ్లకి తెలియదు. హెచ్-ఇండెక్స్ మాత్రం ఈ తేడాలేవీ చూడదు.

కానీ రోగుల రద్దీలో మునిగినవాళ్లని పేపర్ రాయమంటే టెన్షన్ మొదలవుతుంది, టెన్షన్ ఉన్న చోటికి అమ్మేవాళ్లు వస్తారు. డబ్బు తీసుకుని, నిపుణుల పరిశీలన పేరుకి మాత్రమే జరిపి, లేదా అసలు జరపకుండానే అచ్చేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. పరిశీలన గురించి, ఫీజుల గురించి పరిశోధకులను తప్పుదోవ పట్టించారన్నది అందులోని ప్రధానాంశం. అలాగని రోగం మనకొక్కళ్లకే అనుకోనక్కర్లేదు. 2017లో ట్యూమర్ బయాలజీ అనే క్యాన్సర్ జర్నల్ నుంచి 107 పేపర్లను ఒకేసారి వెనక్కి తీసుకున్నారు, దొంగ నిపుణుల పేర్లతో పరిశీలన జరిగినట్టు చూపించినందుకు. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఇలా వెనక్కి తీసుకున్న (రిట్రాక్ట్ అయిన) పేపర్లు 10,000 దాటాయి. పేపర్లే కాదు, సైటేషన్లు కూడా అమ్ముతారు. న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబి పరిశోధకులు లేని మనిషి పేరుతో ఒక ఖాతా తెరిచి, 300 డాలర్లకి 50 సైటేషన్లు కొని మరీ చూపించారు.

మోసం సంగతి పక్కన పెట్టినా, అసలు ప్రశ్న ఒకటి మిగులుతుంది. నిజాయితీగా సంపాదించిన సైటేషన్లు ఆ పని సరైనదని చెబుతాయా? ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్‌లో మైలురాళ్లనదగ్గ 53 పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే 6 మాత్రమే నిలబడ్డాయని 2012లో నేచర్ పత్రికలో రాశారు. ఇక్కడ నాకు ముఖ్యమనిపించిన సంగతి వేరే ఉంది. పెద్ద ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నళ్లలో, నిలబడని పేపర్లకి సగటున 248 సైటేషన్లు, నిలబడినవాటికి 231. అంటే మిగతా పరిశోధకులు రెండిటినీ దాదాపు ఒకేలా నమ్మి వాడుకున్నారు. ఆ 53 ఏయే పేపర్లన్నది కంపెనీ బయటపెట్టలేదు కాబట్టి ఈ లెక్కను పూర్తిగా సరిచూడలేమన్న విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే.

2 శాతం జాబితా అసలు ఏమిటి

జిల్లా పేజీల్లో కనిపించే ఈ జాబితా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదు. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ అయోనిడిస్, సహచరులతో కలిసి స్కోపస్ డేటాతో వేసే లెక్క అది. ఎవరూ దరఖాస్తు చేయరు, ఎవరూ ఎంపిక చేయరు. ఒక మిశ్రమ స్కోరు ప్రకారం అన్ని రంగాల్లో కలిపి మొదటి లక్షలో ఉన్నవాళ్లు, లేదా తమ ఉపరంగంలో మొదటి 2 శాతంలో ఉన్నవాళ్లు అందులోకి వస్తారు. పైన చెప్పిన లోపాలు కొన్ని అందులో సర్దారు కూడా: ఒక్కరే రాసిన, మొదటి పేరుగా రాసిన, చివరి పేరుగా రాసిన పేపర్లకి విడిగా విలువ ఉంది, తమని తాము సైట్ చేసుకున్నవి తీసేసిన లెక్క ఉంది, ఈమధ్య రిట్రాక్ట్ అయిన పేపర్ల సమాచారమూ చేర్చారు. జాబితాలు రెండు: మొత్తం వృత్తి జీవితానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి. వార్తల్లో ఏ జాబితానో చాలాసార్లు రాయరు. ఆ రెండిటి మధ్య తేడా చాలా పెద్దది.

ఈ జాబితా క్యాన్సర్ రోగి బంధువులకి ఎంతవరకు ఉపయోగం? ఆ డాక్టర్ తన రంగంలో జరుగుతున్నది గమనిస్తున్నారనీ, రాస్తున్నారనీ తెలుస్తుంది. అంతకుమించి, శస్త్రచికిత్స ఎలా చేస్తారు, ఏడాదికి ఇలాంటి కేసులు ఎన్ని చూస్తారు, సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చుని కేసు చర్చించే ఏర్పాటు ఆ ఆసుపత్రిలో ఉందా అన్నవి ఏ సైటేషన్ పట్టికలోనూ ఉండవు.

అంకెలు వద్దనేవారు, ఉండాలనేవారు

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషులను తూచొద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు సంపాదకులు, ప్రచురణకర్తలు ఒక ప్రకటన తయారుచేశారు. డోరా అంటారు. వేల సంస్థలు, వ్యక్తులు సంతకాలు పెట్టారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: పేపర్ ఎక్కడ వచ్చిందని కాదు, అందులో ఏముందో చదవండి. అభ్యర్థి తన ముఖ్యమైన నాలుగైదు పనులేమిటో, వాటివల్ల ఏం మారిందో సొంత మాటల్లో రాసుకునే బయోడేటాలను కొన్ని దేశాల నిధుల సంస్థలు ఇప్పటికే అడుగుతున్నాయి.

అవతలి వాదన మన దగ్గర ఇంకా బలంగా వినిపిస్తుంది. చదివి తేల్చేది ఎవరు? సెలక్షన్ కమిటీలో కూర్చున్న ముగ్గురికి ఆ ఉపరంగం తెలియకపోతే, అంకె లేని చోట సిఫారసు వచ్చి కూర్చుంటుంది. ఎవరి శిష్యుడు, ఎవరి మనిషి, ఏ ఊరు, ఏ కులం అన్నవి మాట్లాడతాయి. స్కోపస్ అంకెని కనీసం ఎవరైనా ఇంటి నుంచి సరిచూసుకోవచ్చు, ఆర్టీఐ వేయక్కర్లేదు. ఏ అండా లేని అమ్మాయి మంచి పేపర్లు రాసి పైకొచ్చిందంటే ఆ అంకె పుణ్యమూ కొంత ఉంది.

నా మటుకు నాకు రెండో వాదనలోని భయం నిజమనే అనిపిస్తుంది. అయితే దానికి విరుగుడుగా హెచ్-ఇండెక్స్ 38 అన్న ఒక్క అంకెను పట్టుకోవడం కుదరదు. రంగాన్నిబట్టి సర్దిన సగటు, రచయితల వరసలో స్థానం, రిట్రాక్షన్లు, ఎన్నేళ్ల పని అన్నవి పక్కపక్కన పెట్టిన పట్టిక కూడా అంతే తేలిగ్గా, అందరికీ కనిపించేలా ఇవ్వొచ్చు. డేటా ఉంది. అడిగే కమిటీలు తక్కువ.